ఆకుపచ్చ కర్ర వైపు ఉండాలి

జెండా కొన్నది 2025 మార్చిలో. ఇంటికి కట్టింది ఆగస్టులో. మధ్యలో ఐదు నెలలు అది మా బీరువాలో చీరల కింద మడతపెట్టి ఉంది. ఐర్లండ్ పౌరసత్వం తీసుకున్న మనిషికి ఆ దేశం జెండా సొంత ఇంటికి కట్టుకోవడానికి అన్నాళ్లు ఎందుకు పట్టిందో రాయాలనిపించింది. ఇక్కడ మనవాళ్లలో చాలామందికి ఇదే సందేహం ఉందని నాకు తెలుసు.

మాది మచిలీపట్నం. హైదరాబాద్‌లో, జీడిమెట్లలోని ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసి, 2017 జనవరిలో క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ అనే పని అనుమతి మీద ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్ వచ్చాను. అప్పటికి పాపకి రెండేళ్లు.

మొదటి ఏడాదే ఒకటి గమనించాను. ఈ దేశంలో ఇళ్ల మీద జాతీయ జెండా పెద్దగా కనపడదు. కనపడేవన్నీ కౌంటీ జెండాలే. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ సెప్టెంబర్‌లో వాటర్‌ఫర్డ్ జట్టు, కర్రలతో బంతి కొట్టే హర్లింగ్ ఆటలో ఫైనల్‌కి వెళ్లింది. కిటికీలు, కార్లు, కొట్లు, చర్చి గేటు, ఎక్కడ చూసినా తెలుపూ నీలమే. మన దగ్గర ఎన్నికలప్పుడు కట్టినట్టు ఏదో పార్టీ జెండాలు కాబోలు అనుకున్నాను. గాల్వే కౌంటీ చేతిలో ఓడిపోయాక కూడా మా వీధిలో చాలా రోజులు వాటిని ఎవరూ విప్పలేదు. కౌంటీ మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లు దేశం జెండాని మాత్రం మార్చి 17న సెయింట్ పాట్రిక్ పండక్కో, ఫుట్‌బాల్ మ్యాచ్‌కో తీసి, తెల్లారేసరికి లోపల పెట్టేస్తారు. ఎందుకని ఆఫీసులో అడిగితే నవ్వి మాట మార్చేసేవాళ్లు.

పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవాలంటే గత తొమ్మిదేళ్లలో ఐదేళ్లు ఇక్కడ ఉండాలి, అందులో చివరి ఏడాది వరసగా ఉండాలి. ఆ లెక్కన నాకు 2022లోనే అర్హత వచ్చింది. అయినా ఏడాది ఆగాను. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి, ఇది తీసుకుంటే అది వదులుకోవాలి. ఆ మాట ఫోన్‌లో చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వెంకయ్యగారి జిల్లాలో పుట్టి, ఇంకో జెండాకి దండం పెడతావా తల్లీ?" అంది. పింగళి వెంకయ్యగారి ఊరు భట్లపెనుమర్రు మా జిల్లాలోనే ఉంది. ఆయన మా బందరు జాతీయ కళాశాలలో పనిచేశారు. ఆగస్టు 15న మా బళ్లో తాడు లాగగానే పూలు రాలడం, ఆయన పేరు చెప్పి హెడ్మాస్టరుగారు గొంతు బొంగురుపోయి మాట్లాడటం నాకిప్పటికీ కళ్లముందు ఉంది. అమ్మకి ఏం జవాబు చెప్పాలో నాకప్పుడు తెలియలేదు.

2023 మొదట్లో దరఖాస్తు పెట్టాను. కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఉన్న ప్రతి ఏడాదికీ 150 పాయింట్లు వచ్చేలా నివాసం రుజువులు చూపాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లులు ఏడాదివారీగా దాచుకుంటే సగం పని అయిపోయినట్టే. దరఖాస్తుకి 175 యూరోలు, మంజూరయ్యాక సర్టిఫికెట్‌కి 950 యూరోలు. ఆ తర్వాత పని ఎదురుచూడటమే.

2024 డిసెంబర్‌లో కిల్లార్నీలో ప్రమాణం చేయించారు. హాలు నిండా జనం, ఎన్నో దేశాలవాళ్లు. ఐర్లండ్ జాతికి నమ్మకంగా, రాజ్యానికి విధేయంగా ఉంటామని, చట్టాలని పాటిస్తామని, ప్రజాస్వామ్య విలువలని గౌరవిస్తామని అందరం ఒకేసారి చెప్పాం. ఆ మాటలు నేను మనస్ఫూర్తిగానే పలికాను. జాతీయగీతం మొదలయ్యాక, త్వరలో అప్పగించాల్సిన నా పాత పాస్‌పోర్టు గుర్తొచ్చి కన్నీళ్లు ఆగలేదు. పక్క సీటులో ఉన్న బ్రెజిల్ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వాళ్లకి పాతది వదులుకోవాల్సిన పని లేదు. అయినా ఆవిడా ఏడ్చింది.

సెయింట్ పాట్రిక్ పండక్కి ఇంటికి కడదామని మార్చిలో జెండా కొన్నాను. కొలిచి చూడటం నా వృత్తి, అందుకే టేపు పెట్టి చూశాను. పొడవు ఐదడుగులు, వెడల్పు మూడడుగులు ఉంది. ఇక్కడి ప్రధానమంత్రి కార్యాలయం ఇచ్చిన నియమాల ప్రకారం పొడవు వెడల్పుకి సరిగ్గా రెండింతలు ఉండాలి. పైగా ఆకుపచ్చ, తెలుపు నిలువు పట్టీల తర్వాత ఉండాల్సిన మూడో రంగు నారింజ కాదు, పసుపు. దాన్ని వెనక్కిచ్చి ఇంకోటి తెప్పించాను. మా పాప వాళ్ల బడిలో నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పింది. "ఆకుపచ్చ కర్ర వైపు ఉండాలమ్మా, తిరగేస్తే ఐవరీ కోస్ట్ జెండా అయిపోతుంది." వాళ్ల బడిలో ఉన్న జెండా, బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటుకి నూరేళ్లయిన సందర్భంలో సైనికులు ఊరూరా ప్రాథమిక పాఠశాలలకి తెచ్చి ఇచ్చినదట.

మన దగ్గర జెండాని అవమానిస్తే 1971 చట్టం కింద మూడేళ్ల దాకా జైలు. ఏడాది పొడవునా ఇంటి మీద ఎగరేసుకునే వీలు కూడా మామూలు మనిషికి 2002లో నియమావళి మార్చాకే వచ్చింది. ఇక్కడ అలాంటి శిక్షలు లేవు. పొద్దు పొడిచాక ఎగరేసి, పొద్దుగూకేలోపు దించాలి, నేల తాకకూడదు, దాని మీద రాతలు రాయకూడదు అని మర్యాదలు మాత్రం చెప్తారు. శిక్ష లేని చోట మర్యాద పాటించడం నాకు ఇంకా బాగుంది అనిపించింది.

కొత్త జెండా విప్పి పక్కింటి పెద్దావిడకి చూపించాను. మేం వచ్చిన కొత్తలో పాపని చూసుకున్న మనిషి, మాకు ఇక్కడ అమ్మలాంటిది. ఆవిడ జెండా అంచు వేళ్లతో తడిమి, "కడతావా?" అంది. ఆ ప్రశ్నలో సంతోషం లేదు.

ఆవిడ పుట్టింది బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో, బెల్‌ఫాస్ట్‌లో. అక్కడ 1954 నాటి ఒక చట్టం వల్ల, గొడవకి దారితీస్తుందనిపిస్తే ఈ జెండాని తీసేయించే అధికారం పోలీసులకి ఉండేది. 1964లో, ఆవిడకి పదేళ్లప్పుడు, డివిస్ స్ట్రీట్‌లో ఒక ఎన్నికల ఆఫీసు కిటికీలో ఈ జెండా పెట్టారు. పోలీసులు కిటికీ పగలగొట్టి దాన్ని తీసుకెళ్లారు. రోజుల తరబడి ఆ వీధి తగలబడిందట. వాళ్ల నాన్న తన జెండాని అట్టపెట్టెలో పెట్టి మంచం కింద దాచాడట. పెళ్లై దక్షిణానికి వచ్చాక ఇక్కడైనా ధైర్యంగా కట్టుకోవచ్చనుకుంటే, 70ల్లో, 80ల్లో టీవీ పెడితే చాలు, బ్రిటన్ మీద తుపాకులు పట్టిన ఐఆర్‌ఏ దళం వాళ్ల శవపేటికల మీద ఇదే జెండా. ఇంటికి కడితే తుపాకుల పక్షం అనుకుంటారని ఈ వీధిలో ఎవరూ కట్టేవాళ్లు కాదట.

"1990 ప్రపంచకప్‌లో మొదటిసారి భయం లేకుండా పట్టుకున్నాను. రోమ్‌లో ఇటలీ మీద ఓడిపోయినా సరే, వీధి వీధంతా జెండాలే. అప్పుడనుకున్నాను, హమ్మయ్య, మాది మాకు తిరిగొచ్చిందని" అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. చాలామంది దీన్ని ఆకుపచ్చ, తెలుపు, బంగారం అంటారు. అలా అనకూడదని ఆవిడ పట్టుదల. ఆకుపచ్చ కాథలిక్కులకి గుర్తైతే, నారింజ 1690లో బాయిన్ యుద్ధం గెలిచిన ఆరెంజ్ వంశపు విలియం రాజుని తలుచుకునే ప్రొటెస్టెంట్లకి గుర్తు. మధ్యలో తెలుపు ఆ ఇద్దరి మధ్య శాంతికి. బంగారం అన్నామంటే ఒక పక్షాన్ని ఇంట్లోంచి గెంటేసినట్టే అంది. 1937 రాజ్యాంగం ఏడో అధికరణంలోనూ నారింజ అనే ఉంది.

అది వింటూంటే నాకు 1921 బెజవాడ కాంగ్రెస్ సమావేశం గుర్తొచ్చింది. వెంకయ్యగారి నమూనాలో ముందు ఉన్నవి రెండే రంగులు, ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లిములకి. మిగతా అందరి కోసం తెలుపు చేర్చమన్నది గాంధీజీ. తర్వాత మన జెండా రంగులకి అర్థాలు మార్చుకున్నాం, కానీ ఆ తెలుపు అలాగే ఉంది. రెండు దేశాల్లోనూ తెల్లబట్ట ఒకే అవసరానికి వచ్చింది. ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. "అయితే ఆ జెండా కూడా తెలిసిన మనిషి కుట్టినట్టే ఉంది" అంది. నాకు పెద్ద బరువు దిగింది.

అయినా మార్చి 17న కట్టలేదు. వర్షం అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం మా ఆయన అన్న మాట. "ఇప్పుడిది కడితే రెండువైపులా తప్పు పడతారు. భయపడి కట్టారని కొందరు, వాళ్లతో చేరారని మనవాళ్లు." వాళ్లు అంటే, 2023 నవంబర్ డబ్లిన్ అల్లర్ల తర్వాత వలసవాళ్లకి వ్యతిరేకంగా ఊరేగింపులు చేస్తున్నవాళ్లు. వాళ్ల చేతుల్లోనూ ఇదే జెండా. 2025 వేసవిలో డబ్లిన్‌లో కొన్ని పేటల్లో లైటు స్తంభాలకి జెండాలు కట్టారు. పండగ లేదు, మ్యాచ్ లేదు. అవి చూసినప్పుడు నా కడుపులో దేవినట్టయింది. నేను ప్రమాణం చేసింది ఆ జెండా ముందే. అదే జెండా నన్ను పొమ్మంటున్నట్టు కనపడుతోంది. ఆ బాధ ఎలా చెప్పాలో తెలియదు.

జులైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడి మీద దాడి జరిగింది. ఆగస్టు 1న జాగ్రత్తగా ఉండమని మన రాయబార కార్యాలయం సూచన ఇచ్చింది. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు నిండా అవే మాటలు. రాత్రిళ్లు ఒంటరిగా వెళ్లొద్దు, ఫోన్‌లో గట్టిగా తెలుగులో మాట్లాడొద్దు. రెండోది చదివి నేను ఫోన్ పక్కన పడేశాను.

మర్నాడు శనివారం సాయంత్రం పాపని తీసుకుని ఊళ్లోకి, ద మాల్ వీధికి వెళ్లాను. అక్కడ 33వ నంబర్ ఇల్లు ఉంది. 1848 మార్చి 7న థామస్ ఫ్రాన్సిస్ మీగర్ ఈ మూడు రంగుల జెండాని మొదటిసారి ఎగరేసింది ఆ ఇంటి మీదే. అప్పటికి ఆయనకి ఇరవై నాలుగేళ్లు. ఆ ఏడాదే బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు చేసినందుకు మరణశిక్ష వేసి, తర్వాత దాన్ని మార్చి టాస్మానియా పంపేశారు. అక్కణ్ణుంచి తప్పించుకుని అమెరికా వెళ్లాడు. అంటే ఈ జెండాని ఎగరేసిన మనిషి కూడా పరాయి దేశంలోనే బతికి, అక్కడే పోయాడు. ఎన్నోసార్లు ఆ వీధిలో నడిచాను గానీ ఆ సంగతి ఆ రోజే నా మనసుకి తగిలింది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 3. వెంకయ్యగారిది ఆగస్టు 2. ఆ రెండు తేదీల మధ్య రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా జెండాని ఎవరో ఎత్తుకుపోతూంటే నేను దాన్ని చీరల కింద దాచిపెట్టడం, పక్కింటావిడ నాన్న మంచం కింద దాచినట్టే కదా అనిపించింది. ఆయనకి చట్టం అడ్డం. నాకు ఏ అడ్డమూ లేదు.

ఆదివారం పొద్దున మా ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు. వాదించలేదు. తలుపు పక్కన గోడకి బ్రాకెట్ బిగించి, ఆకుపచ్చ కర్ర వైపు ఉందో లేదో రెండుసార్లు చూసి ఎగరేశాను. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. మధ్యాహ్నం ఆపిల్ టార్ట్ చేసి తెచ్చింది.

తర్వాత ఏమైందని అందరూ అడుగుతారు. ఒకాయన కుక్కతో వెళ్తూ ఆగి, బాగుంది అని చెయ్యెత్తాడు. ఇంకొకాయన, ఇది మీరెందుకు కట్టారు అని అడిగాడు. నేను ఈ దేశం పౌరురాలిని అన్నాను. ఆయన ఇంకో రెండు క్షణాలు నిలబడి వెళ్లిపోయాడు. గ్రూపులో ఒకరు, ప్రాణభయానికి జెండా కట్టుకున్నారన్నమాట అని రాశారు. అది చదివి బాధపడ్డాను గానీ విప్పలేదు. డబ్లిన్‌లో జరగాల్సిన ఇండియా డే ఆ నెలలో వాయిదా పడింది. ఆగస్టు 15న మన జెండాని హాల్లో బల్ల మీద, పూలు చల్లి పెట్టుకున్నాం. రెండూ బయట కట్టాలంటే వేరువేరు కర్రలు, ఒకే కొలత ఉండాలి, ఎదురుగా చూసేవాళ్లకి ఐర్లండ్ జెండా ఎడమవైపు రావాలి. మా గోడకి అంత జాగా లేదు.

ఆగస్టు మొదట్లో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటాకే పొద్దుగూకుతుంది. రోజూ దించి మడతపెట్టడం పాప పని.

అక్టోబర్ గాలులకి అంచు చిరిగింది. కర్రకి దూరంగా ఉండేది నారింజ కాబట్టి గాలి దెబ్బ ముందు దానికే. ఊళ్లో ఆ రంగు దారం దొరకలేదు. బందరు నుంచి తెచ్చుకున్న డబ్బాలో చీర ఫాల్ కుట్టే కాషాయం దారం ఉంటే దాంతోనే మడిచి కుట్టాను. ఒక రవ్వ ముదురుగా ఉంది. పక్కింటావిడ కళ్లద్దాలు పెట్టుకుని కుట్టు చూసి, ఇంకో వరస వెయ్యమంది. వేశాను.