ఆగినా చెడిపోని పని

పాలు తాగే బిడ్డ ఇంట్లో ఉంటే బొమ్మలు వేయడానికి టైమ్ ఉండదంటారు. ఉంటుంది, కాకపోతే ముక్కలుగా ఉంటుంది. పుట్టిన కొత్తలో పిల్లలు రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు. త్రేన్పు తెప్పించడం, తడిబట్టలు మార్చడం అయ్యాక మిగిలేది అరగంటో ముప్పావుగంటో. రంగులు సర్దుకోవడానికి పది నిమిషాలు, కుంచెలు కడగడానికి ఇంకో పది పోతే ఇక వేసేదెప్పుడు? అందుకే తల్లయ్యాక చాలామంది చేతిలో పని తీరే మారిపోతుంది. మధ్యలో వదిలి లేచినా చెడనిదేదో అదే నిలుస్తుంది.

వాటర్‌కలర్ సులువనుకుంటారు గానీ, ఈ విషయంలో మొండిది. వాష్ (నీళ్లెక్కువ కలిపి పల్చగా పరిచే రంగు) సగంలో ఉండగా లేచారా, చెన్నై ఎండాకాలంలో ఫ్యాన్ కింద దాని అంచు రెండు మూడు నిమిషాల్లో ఆరి గీతలా నిలిచిపోతుంది. తిరిగొచ్చి తడి కుంచె పెడితే కొత్త నీళ్లు సగం ఆరిన రంగును తోసేసి కాలీఫ్లవర్ మరక చేస్తాయి. దీనికి నైపుణ్యం కంటే కాగితం సైజు తగ్గించడమే మందు. 22×30 అంగుళాల 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) కాటన్ కాగితం షీటును ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 7.5×11 వస్తుంది. ఆ ముక్క మీద ఆకాశం మొత్తం ఐదు నిమిషాల్లోపే అయిపోతుంది. బిడ్డ లేచేలోపు వాష్ ముగిస్తే చాలు, వివరాలు రేపైనా వేసుకోవచ్చు.

సముద్రపు గాలి ఉన్న ఊళ్లో ఇంకో తంటా ఉంది. తేమకు కాగితం మీది జిగురు పూత దెబ్బతింటుంది. అప్పుడు రంగు అక్కడక్కడ బ్లాటింగ్ పేపర్ మీద పడ్డట్టు పీల్చుకుపోతుంది. మిగిలిన ముక్కల్ని సిలికా జెల్ పొట్లాలతో కలిపి జిప్ కవర్లో పెట్టండి, ఆ పొట్లాలు పిల్ల చేతికి అందకుండా చూసుకోండి. పాన్ రంగుల (బిళ్లలుగా వచ్చే వాటర్‌కలర్) డబ్బా తడిగా ఉండగానే మూత పెడితే బూజు పడుతుంది. రాత్రంతా తెరిచి ఉంచాలి.

యాక్రిలిక్‌ది ఉల్టా సమస్య. బొమ్మ చెడదు, పళ్లెంలోని రంగే ఎండిపోతుంది. గాలి చొరని మూతున్న పల్లపు డబ్బా తీసుకుని, అడుగున తడిపిన వంటింటి స్పాంజ్ గుడ్డ, దానిపైన బేకింగ్ పేపర్ పరిచి, ఆ కాగితం మీద రంగు పెట్టుకోండి. మూత పెడితే కొన్ని రోజులు తడిగానే ఉంటుంది. వాసన మొదలైతే గుడ్డ మార్చాలి. ఏడుపు వినగానే కుంచెను నీళ్ల గ్లాసులో పడేసి పరిగెత్తడం అందరూ చేసేదే, కానీ గంటసేపు అలా నిలబడితే మొన వంగిపోతుంది. తడిగుడ్డలో చుట్టి పడుకోబెట్టండి. ఇంకొకటి, లేచేముందు మాస్కింగ్ టేప్ ముక్క మీద రెండు మాటలు రాసి అట్ట అంచుకి అంటించండి: నీడకి అల్ట్రామరీన్ (నీలం) రెండు పాళ్లు, బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ) ఒకటి, తర్వాత కుడి కిటికీ. నిద్ర చాలని బుర్రను నమ్ముకోవడం కంటే ఇది నయం.

ఆయిల్ నిజానికి చాలా ఓపిక గల రంగు, రోజుల తరబడి ఆరదు. అయినా బిడ్డ పాకడం మొదలయ్యాక రెండు మూడేళ్లు అటకెక్కించమనే నా సలహా. ఆ రంగుల్ని పల్చబరిచే టర్పెంటైన్ కొంచెం మింగినా ఊపిరితిత్తుల్లోకి జారి ప్రాణం మీదకి తెస్తుంది. అలా జరిగితే వాంతి చేయించకుండా సరాసరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లిన్‌సీడ్ (అవిసె) ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. ఏ ట్యూబు కొన్నా పేరు కాకుండా వెనకున్న రంగుపొడి నంబరు చూడండి, విషలోహాలుంటే తెలుస్తుంది: పీడబ్ల్యూ1, పీవై34 అంటే సీసం, పీవై35, పీఆర్108 అంటే కాడ్మియం. తెలుపుకి పీడబ్ల్యూ6, పసుపుకి పీవై74 ఉండగా వాటి జోలికి పోనక్కర్లేదు. సుద్ద పాస్టెల్స్ పొడి కూడా నేల మీద పాకే పిల్ల చేతికే అంటుతుంది. చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి.

ఇక మణికట్టు. బొటనవేలి వైపు పోటు పెడుతుంటే కుంచె మీద అనుమానపడతారు. చాలాసార్లు కారణం బిడ్డను ఎత్తే తీరు. బొటనవేళ్లు చాచి చంకల కింద పట్టి ఎత్తితే ఆ వేలి స్నాయువులు వాస్తాయి. దీన్ని డీ కర్వెయిన్ అంటారు, బాలింతల్లో మామూలే. అరచేతులు పైకి పెట్టి, వీపు కిందా పిరుదుల కిందా చేతులు పోనిచ్చి ఎత్తండి. కుంచె కాడకి స్పాంజ్ చుట్టి లావు చేసుకోండి. బల్ల మీద కాకుండా నిలువు బోర్డు మీద భుజంతో గీస్తే ఇంకా తేలిక.

ఆగినా చెడని పనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండిన శిల్పి రూత్ అసావా. 1947లో మెక్సికోలోని తొలూకాలో తీగ బుట్టల అల్లిక చూసి నేర్చుకుంది. ఆరుగురు పిల్లల మధ్య, ఇంట్లోనే కూర్చుని పెద్ద పెద్ద శిల్పాలు అల్లింది. ఆ తీగ అల్లికలో ఏ కొక్కెం దగ్గర ఆపినా తర్వాతి కొక్కెం అక్కణ్ణుంచే మొదలవుతుంది కదా! పిల్లలతో ఆడుకునే ఉప్పు పిండి కూడా ఆమె చేతిలో శిల్పమైంది. 1973 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ఫౌంటెన్ బొమ్మల్ని ఆ పిండితో, బడిపిల్లల్ని కూడా కలుపుకుని చేయించి, కంచులో పోతపోయించింది.

ఆ పిండి కొలత నాలుగు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, కప్పున్నర నీళ్లు. నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండి కంటే గట్టిగా పది నిమిషాలు పిసకాలి. పగుళ్లొస్తే తడి చాలలేదని, వేళ్లకి అంటితే ఎక్కువైందని అర్థం. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి, అంత ఉప్పు ప్రమాదం. మన చెన్నైలో దీనికి శత్రువు ఐప్పసి, కార్తిగై (అక్టోబర్ నడుమ నుంచి డిసెంబర్ నడుమ దాకా వచ్చే తమిళ నెలలు) వానలు. ఉప్పు గాల్లోని తేమను లాగడంతో ఓవెన్లో గట్టిపడ్డ బొమ్మ కూడా మళ్లీ మెత్తబడుతుంది. వార్నిష్ వేస్తే అడుగు భాగానికీ వేయాలి, అక్కడే మర్చిపోతారు. బిడ్డ అరచేతి గుర్తు దాచుకోవాలంటే పచ్చి పిండిలో నొక్కి, చెయ్యి తీసేశాక ఆ గుంటలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయండి. ఒక కప్పు నీళ్లలోకి రెండు కప్పుల పొడి చల్లుతూ కలపాలి. అరగంట ఆగి పిండి ఒలిచేయొచ్చు. చేతిని నేరుగా ప్లాస్టర్లో పెట్టించకండి, గట్టిపడేటప్పుడు అది కాలేంత వేడెక్కుతుంది.