'అమెరికన్ కరెన్సీ' అన్నాడట

"అమెరికావాడు అమెరికాలో కూర్చుని 'అమెరికన్ కరెన్సీ' కావాలని అడుగుతాడా?" మా తమ్ముడు ఈ ప్రశ్న వేశాక అందరి కంచాల్లోనూ అన్నం చల్లారిపోయింది.

వాడు అంటున్నది 1971 నవంబరు 24న పోర్ట్‌లాండ్ నుంచి సియాటిల్ వెళ్తున్న విమానాన్ని హైజాక్ చేసినవాడి గురించి. రెండు లక్షల డాలర్లు, నాలుగు పారాచూట్లు తీసుకుని, ఆ రాత్రే దూకేశాడు. ఎవరో నేటికీ తేలలేదు. 2016లో ఎఫ్‌బీఐ కూడా చేతులు దులుపుకుంది.

డబ్బు "చెల్లుబాటయ్యే అమెరికన్ కరెన్సీ"లో ఉండాలన్నాడట. అందుకే కెనడావాడేమోనని అనుమానం. అక్కడా డాలరే కాబట్టి, ఏ దేశపు డాలరో చెప్పే అలవాటు వాళ్లకుంటుంది. పైగా టికెట్ మీద పేరు డాన్ కూపర్. కెనడా వైమానిక దళ పైలట్ హీరోగా, అదే పేరుతో ఫ్రెంచిలో బెల్జియం కామిక్స్ వచ్చేవి!

నాకైతే ఒక్క మాట మీద ఇంత బరువు వేయడం నచ్చదు. అతని కోరికలు విమాన సిబ్బంది విని, రేడియోలో కిందికి చెప్పినవి. మధ్యలో ఎవరి మాట కలిసిందో! కామిక్స్ సంగతే నన్ను ఎక్కువ ఊరిస్తోంది.

తమ్ముడు ఒప్పుకోవడం లేదు. బ్యాంకు ఉద్యోగి కదా, కరెన్సీ అనగానే వాడికి అనుమానమే.