పేరున్న సర్పంచ్ మీద మా వదిన పోటీ: ప్రచారంలో మాట ఎలా కుదిరిందంటే

మండల కేంద్రంలో నాకు చిన్న ఫ్లెక్సీ షాపుంది. ఎన్నికలొస్తే రాత్రీ పగలూ మిషన్ ఆగదు. చుట్టుపక్కల ఊళ్ల కరపత్రాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి. వాటిలో ఫొటో మారుతుంది, గుర్తు మారుతుంది, మాట మాత్రం మారదు: "మీ అమూల్యమైన ఓటు వేసి అత్యధిక మెజారిటీతో గెలిపించ ప్రార్థన." 2025 డిసెంబరు తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో మా వదిన సర్పంచ్‌గా నిలబడతానన్న రోజే నాకు అర్థమైంది, ఆ మాటతో మాకు పని జరగదని. అవతల ఉన్నది మామూలు మనిషి కాదు.

మాది ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో రెండు వేల లోపు ఓట్లున్న ఊరు. 2019 జనవరిలో గెలిచిన సర్పంచ్ ఐదేళ్లూ ఊరిని పట్టుకునే ఉన్నాడు. వైకుంఠధామం (శ్మశానవాటిక), నర్సరీ, డంపింగ్ యార్డు, సగం వాడలకు సీసీ రోడ్లు ఆయన హయాంలో వచ్చినవే. కరోనా రోజుల్లో దగ్గరుండి వీధి వీధికీ మందు కొట్టించాడు. గల్ఫ్‌లో ఎవరైనా చనిపోతే శవం కోసం ఎయిర్‌పోర్టుకు తానే పోయేవాడు. 2024 ఫిబ్రవరి మొదట్లో పదవీకాలం అయిపోయినా ఊళ్లో "సర్పంచ్ సాబ్" అంటే ఇప్పటికీ ఆయనే.

ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. లైటు పోతే ఎవర్ని అడగాలో తెలియదు. ఈ రెండేళ్ల ఇబ్బంది ఆయన పేరును ఇంకా పెంచింది. "ఆయనున్నప్పుడే నయముండె" అనని ఇల్లు లేదు. దానికి తోడు బిల్లులు. అప్పులు తెచ్చి చేసిన పనులకు బిల్లులు రాలేదని రాష్ట్రమంతా మాజీ సర్పంచ్‌లు రోడ్డెక్కిన సంగతి తెలిసిందే. మా ఊరాయనదీ అదే బాధ. అభిమానానికి జాలి కూడా తోడైన మనిషి మీద పోటీకి దిగి ఏమని మాట్లాడాలి?

అక్టోబరులో ఎన్నికల ప్రక్రియ మొదలై, బీసీ రిజర్వేషన్ల జీవో మీద హైకోర్టు స్టే రావడంతో ఆగింది కదా, ఆ ఆగిన కాలం మాకు బాగా పనికొచ్చింది. వదిన గ్రామైక్య సంఘం (ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసినది) అధ్యక్షురాలు, ప్రతి వాడలో మనుషులున్నారు. నేను ఆమెకు చెప్పింది ఒక్కటే. "ఎవరికేస్తవు?" అని ఎవర్నీ అడగొద్దు. "సర్పంచ్ సాబ్ చేసినవాట్ల మంచి పనేంది?" అని అడుగు. చెప్పిందంతా వినాలి, నడుమ అడ్డు రావద్దు. ఆ తర్వాతే "ఇంకేం కావాలె?" అనాలి.

ఒకరోజు నేనూ వెంట పోయాను. చివరి వాడలో ఒక ముసలమ్మ బీడీలు చుడుతూ కూర్చుంది. సర్పంచ్ పేరెత్తగానే చేతిలో కత్తెర పక్కన పెట్టేసింది. "మా ముసలాయన సచ్చిన్నాడు రాత్రంత గీ అరుగు మీదనే కూసున్నడు బిడ్డ. ఆయన్నేమనకు" అంది. వదిన అవునవును అంటూ తలూపింది. కాసేపు ఆగి, మరి ఏం కావాలె పెద్దమ్మా అని అడిగింది. "నల్లా ఎప్పుడొస్తదో ఎర్కలేదు. కోడలు కూలికి పోతది, నాకు బిందె లేవది. ఒక యాళ చెప్తే చాలు." మేం దాదాపు ప్రతి ఇంట్లో ఈ ముచ్చటే విన్నాం. ట్యాంకు ఉంది, పైపు ఉంది, నీళ్లొచ్చే వేళ లేదు. వీధి దీపాలున్నాయి, పగలు కూడా వెలుగుతుంటాయి. ట్రాక్టరుంది, చెత్తకు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆయన మీద కోపం ఎవరికీ లేదు. కట్టినవి సక్కగా నడిస్తే బాగుండునన్న ఆశ మాత్రం అందరికీ ఉంది.

మా వైపు పోరగాళ్లకు ఇది రుచించలేదు. ట్రాక్టరు డీజిల్ లెక్కలు తీద్దాం, హరితహారం మొక్కల లెక్క తీద్దాం, వాట్సప్‌లో పెడదాం అన్నారు. రాత్రి పదింటికి షాపులో పెద్ద వాదనే అయింది. నేను గట్టిగా వద్దన్నాను. 2019లో ఊళ్లో సగం మందికి పైగా ఆయనకే ఓటేశారు. ఆయన్ని దొంగ అంటే, మీకు మనిషిని గుర్తుపట్టడం రాలేదని వాళ్ల మొహం మీద అన్నట్టే. అలా అనిపించుకున్నాక మన మాట ఎవరు వింటారు? మనకు కావాల్సింది ఆయన పక్కా మనుషులు కాదు, ఆయనంటే పడనివాళ్లూ కాదు. ఆయన మంచోడే అంటూనే నల్లా దగ్గర విసుక్కునే ఆడవాళ్లు. వాళ్లు ఆయన్ని కాదనకుండా మనకు ఓటేసే దారి చూపించాలి. వదిన కూడా ఇదే మాట మీద నిలబడింది.

"మార్పు కోసం" అని ఒకాయన రాసిచ్చాడు. దేన్నుంచి మార్పు? జనం మార్పు అడగడం లేదు. "యువతకు అవకాశం" అన్నారు, వదినకు నలభై ఆరేళ్లు. కాగితాలు చాలా చింపాక నిలిచింది ఇది:

"సర్పంచ్ సాబ్ కట్టిండు. అక్క నడిపిస్తది."

ఆయన్ని మెచ్చుకునే మాటతోనే కరపత్రం మొదలుపెడితే ఓట్లు ఆయనకే పోతాయని కొందరు భయపడ్డారు. కానీ మొదటి వాక్యం నిజమని ఊరందరికీ తెలుసు, అందుకే రెండో వాక్యం వినడానికి ఆగారు. "నడిపిస్తది" అన్నందుకు రుజువు కూడా మా దగ్గర ఉంది. సంఘం మీటింగులో నెలనెలా పొదుపెంత, అప్పెంత, కిస్తీ ఎవరు కట్టలేదో అందరి ముందు చదివేది వదినే. పంచాయతీ లెక్కలూ అలాగే గ్రామసభలో చదువుతానంది. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. కరపత్రంలో దీనితో కలిపి మూడే హామీలు: వాడవారీగా నల్లా వేళల బోర్డు, గ్రామసభలో లెక్కలు, మాజీ సర్పంచ్ బిల్లుల కోసం పాలకవర్గం తరఫున కొట్లాట.

మూడోది రాయించింది వదినే, అదే అన్నిటికన్నా పెద్ద మాటైంది. "పాపం, ఇంకోసారి గెలిస్తే బిల్లులొస్తయి" అని ఆయన మనుషులు ఇంటింటా చెప్తున్నారు. చేసిన పనిని కొలిచి రాసే కొలతల పుస్తకాన్ని ఎంబీ అంటారు. పంచాయతీ ఆఫీసు ముందు ఆయన ఎదురుపడ్డప్పుడు వదిన నలుగురి ముందే అంది: "అన్నా, నువ్వు చేసిన పనికి ఎంబీ రికార్డున్నది. గా పైసలు నువ్వు గెలిచినా రావాలె, నేను గెలిచినా రావాలె. నేను గెలిస్తే నీ వెంట ఎంపీడీవో ఆఫీసుకొస్త." ఆయన నవ్వి చేతులు జోడించాడు. సాయంత్రానికల్లా ఊరంతా ఇదే ముచ్చట. జాలి పోలేదు, పోవాలని మేం కోరుకోనూ లేదు. ఆ జాలికీ ఓటుకూ ఉన్న ముడి మాత్రం వదులైంది.

మూడో అభ్యర్థి కోతుల బెడద తీరుస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చాడు. ఆ ఎన్నికల్లో చాలా ఊళ్లలో బాండ్ పేపర్లు నడిచాయి. మమ్మల్నీ రాయమన్నారు. కోతులను పట్టించి అడవిలో వదిలితే పక్క ఊరి మంద వచ్చి చేరుతుంది, నాలుగూళ్లు కలిస్తే తప్ప తీరదు. వదిన ఆ మాటే చెప్పింది. కొన్ని ఓట్లు పోయుంటాయి. చేయలేని హామీని వదిన కరపత్రంలో పెట్టనివ్వలేదు, నాకు ఆ పట్టుదల నచ్చింది.

మా ఊరు రెండో విడతలో ఉంది. డిసెంబరు 6న ఉపసంహరణలు అయ్యాకే గుర్తులొచ్చాయి. అభ్యర్థుల పేర్ల తెలుగు అక్షరక్రమంలో ఇస్తారు కాబట్టి ఆయనకు ఉంగరం, మాకు కత్తెర. కొత్తగా పోటీ చేసేవాళ్లు ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. పంచాయతీ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరుండదు, గుర్తులే ఉంటాయి. ఐదేళ్లు ఊరికి తెలిసిన పేరు కూడా ఆ కాగితం మీద కనపడదు. ఆయన మనుషులు పేరు మీద ధీమాతో ఉంటే, మేం ప్రచారం ఆగే 12వ తేదీ సాయంత్రం ఐదింటి దాకా గుర్తు మీదే పడ్డాం. నమూనా బ్యాలెట్ అసలు దాని రంగులో వేయకూడదని పసుపు కాగితం మీద వేశాను. "సర్పంచ్‌ది గులాబీ కాగితం, పైనుంచి రెండోది" అని నోటితో చెప్పించాం. ప్రతి కాగితం కింద ప్రింటర్ పేరు, ఎన్ని కాపీలో వేసి ఖర్చు లెక్కలో రాశాం. మాలాంటి ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ఖర్చుకు పరిమితి లక్షన్నర.

కత్తెర ఊరిని కోస్తదని అవతల ఒకరు మైకులో అన్నారు. జవాబు మేం వెతకలేదు, సంఘంలో బట్టలు కుట్టే ఒకామె ఇచ్చింది. "కొలత సూసినంకనే కత్తెర వడ్తది. లెక్క సూడకుండ పైస కదలనియ్యది మా అక్క." ఆ మాటనే చివరి రెండు రోజులు ఆటోలో తిప్పాం.

బతుకుదెరువుకు హైదరాబాద్‌లో, మహారాష్ట్రలోని భివండీలో ఉన్న ఓటర్లకు నల్లా వేళల గొడవ పట్టదు. వాళ్లకు సర్పంచ్ సాబ్ అంటే ఎయిర్‌పోర్టుకు వచ్చిన మనిషి. వాళ్లకు వదిన గొంతుతో వాట్సప్ మెసేజ్ పంపాం: ఊరి లెక్కలు మీ ఫోన్‌కే పంపుతా, ఎక్కడున్నా అడగొచ్చు అని. వాళ్లలో ఎక్కువమంది ఆయనకే వేశారనుకుంటున్నాను. ఆ అభిమానం అంత తేలిగ్గా కదిలేది కాదు.

చివరి రాత్రి డబ్బు, మందు నడిచాయి. అది రాయకపోతే ఈ అనుభవం సగమే అవుతుంది. "నా దగ్గర ఇచ్చేటందుకు ఏం లేదు, చెప్పింది చేస్త" అని వదిన రాత్రి పన్నెండింటి దాకా ఇంటింటికీ తిరిగింది. 14న ఉదయం ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటికి లెక్కింపు. పాతికేసి ఓట్ల కట్టలు కడుతుంటే కిటికీ దగ్గర నిలబడి మా వార్డుల వంతు కోసం చూశాను. మా సొంత వాడలో అనుకున్నదానికన్నా తక్కువ పడ్డాయి. కూలికి పోయే ఆడవాళ్లు ఎక్కువున్న వార్డులు, ఆ ముసలమ్మ వార్డుతో సహా, నిలబెట్టాయి. కత్తెర గెలిచింది, ఉంగరంతో తేడా నలభై ఓట్ల లోపే.

డిసెంబరు 22న ప్రమాణం అయింది. ఆ వారంలోనే వదిన మాజీ సర్పంచ్‌తో కలిసి ఎంబీ రికార్డుల జిరాక్సులు పట్టుకుని ఎంపీడీవో ఆఫీసుకు పోయింది. బిల్లులు ఇంకా రాలేదు. నల్లా వేళల బోర్డు నా షాపులోనే ప్రింటైంది. మూడో వార్డుకు రాసిన వేళ తప్పుతోంది, అక్కడి వాల్వు మారిస్తే తప్ప కుదరదని వాటర్‌మ్యాన్ అంటున్నాడు. వచ్చే గ్రామసభలో మొదట చదివే ఖర్చు అదే.