అంకె వేసి చూడప్పా

అనంతపురం వెళ్లినప్పుడల్లా మా పెద్దనాన్న ఒకటే అడుగుతాడు: "లెక్కల్లో ఇంకా కనుక్కునేదానికి ఏముంది నాయనా?" చాలా ఉందని చెబితే నమ్ముతాడు. అమెరికాలో లెక్కల ప్రొఫెసర్ ఉద్యోగం అన్నేళ్లు టెంపరరీ ఎందుకో మాత్రం ఆయనకు ఎక్కదు.

ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే సాధారణంగా ఆరో ఏట టెన్యూర్ రివ్యూ, అంటే ఉద్యోగం పర్మనెంట్ చేయాలా వద్దా అని తేల్చే పరిశీలన. బయటి యూనివర్సిటీల వాళ్లు మన పేపర్లు చదివి అభిప్రాయం రాస్తారు. గట్టెక్కితే పర్మనెంట్. లేదంటే మామూలుగా ఇంకో ఏడాది ఉంచి పంపేస్తారు. గణితంలో ఒక పేపర్ జర్నల్ దగ్గరే ఏడాది పైన ఉండిపోవడం మామూలే. పైగా హెచ్1బి వీసా గడువు కూడా ఆరేళ్లే. యూనివర్సిటీ ఉద్యోగానికి ఆ వీసా లాటరీలో తగలాలనే బెడద లేదు గానీ, గ్రీన్‌కార్డు పని ముందే మొదలుపెట్టకపోతే రెండు గడువులూ ఒక్కసారే మీద పడతాయి. ఆ టెన్షన్‌లో కొత్తగా చేరినవాళ్లు క్లాసు చెప్పడాన్ని దండగ పనిగా చూస్తుంటారు. నాకది బాధ కలిగిస్తుంది.

మొన్న ఆఫీస్ అవర్స్‌లో, అంటే పిల్లలు అనుమానాలు అడగడానికి వచ్చే వేళలో, కాలిక్యులస్ చదివే అమ్మాయి ఒకతి వచ్చింది. పైన ఎక్స్ ప్లస్ 3, కింద ఎక్స్. రెండు ఎక్స్‌లూ కొట్టేసి జవాబు 3 అంది. "ఎక్స్ బదులు 1 వేసి చూడు" అన్నాను. 4 వచ్చింది. 2 వేసింది, రెండున్నర వచ్చింది. కాసేపు కాగితం వైపే చూసి, "మరి ఎప్పుడు కొట్టేయొచ్చు?" అని తనే అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మీద బోర్డు దగ్గర చాలాసేపు నిలబడ్డాం.

ఈ పద్ధతి నాకు అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో అబ్బింది. 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీగా మొదలైన కాలేజీ అది. "అనుమానమొస్తే అంకె వేసి చూడప్పా" అనేవారు మా సారు. పరిశోధనలో దారి కనపడనప్పుడు ఇప్పటికీ అదే చేస్తాను. పెద్ద సిద్ధాంతాన్ని పక్కనపెట్టి, చేత్తో లెక్కగట్టగలిగినంత చిన్న ఉదాహరణ తీసుకుంటాను.

క్లాసు వేరు, పరిశోధన వేరు అనేవాళ్లకు నేను స్టాటిస్టిక్స్‌లో పేరుమోసిన సి.ఆర్.రావు గారి సంగతి చెబుతాను. 1940లో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్మే చేసి ఆయన కలకత్తా వెళ్లారు. అక్కడ పాఠం చెబుతుంటే, పెద్ద శాంపిళ్లకు స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ చెప్పిన ఫలితం చిన్న శాంపిళ్లకూ చెల్లుతుందా అని వి.ఎం.దండేకర్ అనే విద్యార్థి అడిగారు. రావు గారు ఆ రాత్రే కూర్చుని జవాబు తేల్చారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామర్–రావు అసమానత: శాంపిల్ చూసి వేసే అంచనాలో ఒడుదుడుకు ఎంతకన్నా తగ్గదో చెప్పే సూత్రం. అరవయ్యేళ్లు దగ్గరపడ్డాక అమెరికా వచ్చి పిట్స్‌బర్గ్‌లో, తర్వాత పెన్ స్టేట్‌లో పనిచేశారు.

అనంతపురం ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) నుంచి, కడప యోగి వేమన యూనివర్సిటీ నుంచి పిల్లలు పీహెచ్‌డీ కోసం నాకు మెయిల్ రాస్తుంటారు. వాళ్లకు నేను ముందు చెప్పేది ఒకటే. ఇక్కడ లెక్కల పీహెచ్‌డీలో చాలామందికి ఫీజు మాఫీ, స్టైపెండ్ వచ్చేది టీచింగ్ అసిస్టెంట్ పని మీదే. కాబట్టి ఊళ్లో ఉన్నప్పుడే ఇంటర్ పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టుకుని సాయంత్రాలు లెక్కలు చెప్పండి.