కన్నేసిన అక్షరం

టోక్యోలో మేముండే నిషికసాయ్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు. అయినా రెండో తరగతి చదివే మా చిన్నదానికి వర్ణమాల అనగానే కడుపునొప్పి వస్తుంది.

ఆ మధ్య బళ్లోంచి ఐదు అట్టముక్కలు తెచ్చింది. ఒక్కోదాని మీద 16 అంకెలు. "అమ్మా, 1 నుంచి 31 లోపు ఒకటి తలుచుకో. దీని మీద ఉందా? దీని మీద?" ఐదో అట్ట అయ్యేసరికి చెప్పేసింది. అట్టల మీద మొదటి అంకెలు 1, 2, 4, 8, 16. 'ఉంది' అన్న అట్టల మొదటి అంకెలు కూడితే చాలు. రోజూ కోడ్ రాసుకుని బతికేదాన్ని, ఇది బైనరీ (0, 1లతోనే లెక్క రాసే పద్ధతి) అని పట్టేశాను. కానీ ఈ ఆట ఇక్కడ ఎంత పాతదో అప్పటికి నాకు తెలియదు. 1627లో యోషిదా మిత్సుయోషి తెచ్చిన 'జింకోకి' లెక్కల పుస్తకం కూర్పుల్లో దీని అన్న ఉన్నాడట, పేరు మెత్సుకేజి. అంటే కన్నేసిన అక్షరం. అందులో అంకెలు కాదు, అక్షరాలే!

అంతే, అంకెల బదులు వరుసగా అక్షరాలు వేస్తూ తెలుగు అట్టలు మొదలుపెట్టాను. క నుంచి లెక్కేస్తే 31వది ష. స మిగిలిపోయింది.

"నా పేరే లేదు!" అని అలిగి కూర్చుంది. విడిగా పెద్దగా వాడని ఙ, ఞ తీసేస్తే హ దాకా సరిగ్గా 31 వచ్చాయి. స 30వది.

ఈ ఆటలో ఒక చిక్కుంది. కూడితే 23 వస్తుంది, కానీ 23వది మ అని తెలియాలంటే వరుస నోటికి రావాలి. 'అ క స త న' అంటూ జపాను అక్షరాలు గడగడా చదివే పిల్లే కదా. ఆ వరుసకూ మూలం బౌద్ధ భిక్షువులు నేర్చుకున్న సంస్కృత వర్ణక్రమమే. వారంలో క నుంచి హ దాకా వేళ్ల మీద వచ్చేసింది.

ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మ మీద ప్రయోగం.

"ఇందులో ఉందా?"

"లేదు."

ఐదుసార్లూ లేదే. "అమ్మమ్మా, సున్నా వచ్చింది. అక్షరమే లేదు!"

"ళ తలుచుకున్నానే. ళ లేకుండా పెళ్లెలా చేస్తారు మీరు?"

చిన్నది కాసేపు అట్టలకేసి చూసి, పెన్సిలు తీసుకుని వరుసలో క ముందు 0 వేసి, పక్కన ళ రాసుకుంది.