బత్తాయి దారిలో మామిడి సీసాలు

నల్లగొండ నుంచి కొల్లాపూర్‌కు కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మీదుగా వెళ్లాం. దేవరకొండ దాకా బత్తాయి తోటలు తగులుతూనే ఉంటాయి. అయినా దారిలో ఏ దుకాణం ఫ్రిజ్ చూసినా ముందు వరసలో మాజా, ఫ్రూటీ, స్లైస్. మూడూ మామిడివే. బత్తాయి కావాలంటే బయట జ్యూస్ బండి దగ్గరికి పొమ్మంటారు.

బత్తాయిని సీసాలో నింపడంలో అసలు చిక్కు చేదుతోనే. పిండగానే బత్తాయి రసం తియ్యగా ఉంటుంది. గింజల్లో, తొనల పొరల్లో ఉండే చేదులేని పదార్థం ఒకటి రసంలోని పులుపు తగిలి మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. కొన్ని గంటల్లో చేదెక్కుతుంది, వేడి చేస్తే ఇంకా తొందరగా. నెలల తరబడి నిలవ ఉండాలంటే వేడి చేయక తప్పదు మరి. చేదు లాగేసే రెజిన్ యంత్రాలున్నాయి గానీ ఖర్చెక్కువ.

పని తెలిసిన బండివాళ్లు తోలుతోపాటు తెల్ల పొర కూడా చెక్కేసి, గింజలు తీసి, మరను నెమ్మదిగా తిప్పుతారు. మిక్సీలో వేస్తే గింజలు నలిగి చేదు రసంలోకి దిగుతుంది. మంచి సైజు కాయలు మూడేస్తే గిలాసెడు, అంటే దాదాపు 200 మిల్లీలీటర్లు వస్తుంది. అక్కడే తాగాలి, పార్శిల్ కట్టించుకోవద్దు.

మామిడికి ఈ బాధ లేదు. ఎండాకాలంలో గుజ్జు తీసి, వేడి చేసి, క్రిములు చేరని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడితే ఏడాదంతా పనికొస్తుంది. పైగా ఫ్రూట్ డ్రింక్ అనిపించుకోవడానికి మన నిబంధనల్లో పండు రసం 10 శాతం ఉంటే చాలు. మిగతాదంతా దాదాపు నీళ్లు, చక్కెర.

పార్లే కూల్‌డ్రింకుల కంపెనీ నడిపిన చౌహాన్ కుటుంబం ఈ లెక్క ముందే పట్టింది. 1976లో మాజా వచ్చింది. మరుసటేడు ఫెరా (విదేశీ మారకద్రవ్య నియంత్రణ) చట్టం దెబ్బకు కోకా-కోలా దేశం వదిలి పోయింది. అయితే అప్పట్లో మాజాది గాజు సీసా: బరువు, పగులు, ఖాళీ సీసా వాపసు లెక్క. 1985లో పార్లే ఆగ్రో ఫ్రూటీని టెట్రా ప్యాక్‌లో దింపాక ఆ గొడవే లేదు. ఫ్రిజ్ లేని తండా దుకాణంలోనూ పాడవదు, బస్సు కిటికీలోంచి అందివ్వొచ్చు. నా లెక్కన ఫ్రూటీని పల్లెలకు చేర్చింది రుచి కన్నా ఆ డబ్బానే. 1993లో కోకా-కోలా తిరిగొచ్చి రమేశ్ చౌహాన్ నుంచి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, సిట్రా, మాజా కొనేసింది. నారింజ రుచి గోల్డ్ స్పాట్ ఫాంటాకు అడ్డని మూలకు పోయింది, మాజా నిలిచింది. ఫ్రూటీ మాత్రం చౌహాన్‌ల కుటుంబంలోని ఇంకో శాఖది కాబట్టి ఆ బేరంలోకి రాలేదు.

కొల్లాపూర్ మామిడికాయ ఈ సీసాల్లోకి పోతుందనుకోవద్దు. గుజ్జు ఫ్యాక్టరీలకు ఎక్కువగా కావాల్సింది చిత్తూరు, కృష్ణగిరి వైపు పండే తోతాపురి. ఇక్కడిది బేనిషాన్, తినే పండు. మేలో పోతే తోట దగ్గరే ముదురు పచ్చికాయ కొని ఇంట్లో వరిగడ్డిలో మాగేసుకోండి. తడి మీద పెడితే తొడిమ దగ్గర నల్లబడి కుళ్లుతుంది, బాగా తుడిచి ఆరాకే గడ్డిలో పెట్టాలి.