జిమ్మీ బాండ్, నాన్నగారి ఎర్ర పెన్సిలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం బరంపురంలో మా ఇంటి హాల్లో అమ్మా నేనూ 'క్యాసినో రాయల్' చూశాం. సినిమా కాదు. బాండ్ సినిమాలింకా మొదలవ్వకముందే, 1954 అక్టోబరు 21న, అమెరికాలో సీబీఎస్ టీవీ వాళ్ళు 'క్లైమాక్స్!' కార్యక్రమంలో లైవ్‌గా వేసిన నాటకం. ఇయాన్ ఫ్లెమింగ్ నవల వచ్చి అప్పటికి ఏడాదిన్నర. హక్కులకి ఆయన చేతికొచ్చింది 1,000 డాలర్లు.

ఇందులో బాండ్ అమెరికావాడు, పేరు జిమ్మీ. బారీ నెల్సన్ వేశాడు. నవల్లో బాండ్‌కి తోడుండే అమెరికన్ గూఢచారి లైటరేమో బ్రిటిష్ వాడైపోయాడు. ఆ తారుమారు నాకు రుచించలేదు గానీ, విలన్‌గా పీటర్ లోరే వచ్చాక అదంతా మర్చిపోయాను. ఎంత నెమ్మదిగా మాట్లాడతాడో!

బాండ్ బాకరా ఆట వివరించే చోట ఆపి అమ్మకి చెప్పాను: తొమ్మిదికి దగ్గరపడాలి, రాజూ రాణీ జాకీ అన్నీ సున్నాయే. "రాజుకి విలువలేని పేకాటేమిటే!" అంది. రమ్మీలో ఆవిణ్ణి ఓడించినవాళ్ళు మా వీధిలో లేరు.

నన్ను కదిలించింది మాత్రం ఆ 'లైవ్'. తప్పు దొర్లితే సర్దుకుపోవడమే, రెండో టేకు లేదు. నాన్నగారు పగలు పట్టుచీరల కొట్టులో లెక్కలు రాసి, రాత్రిళ్ళు తెలుగు నాటకాలకి ప్రాంప్టింగ్ చెప్పేవారు, అంటే నటులు మరిచిన మాట చాటునుంచి అందించేవారు. సైడు వింగులో చిన్న స్టూలు, చేతిలో నోటు పుస్తకం, చెవిలో ఎర్ర పెన్సిలు.

వీడియో టేపు రాని రోజుల్లో టీవీ తెరకెదురుగా ఫిల్ము కెమెరా పెట్టి తీసేవారు. దాన్ని కినిస్కోప్ అంటారు. ఈ నాటకం అలా తీసిన కాపీ ఒకటి, పోయిందనుకున్నది, 1981లో జిమ్ షోన్‌బర్గర్ అనే సినిమా చరిత్రకారుడికి దొరికింది. మా నాటకాల్లో ఒకే ఒక్కటి క్యాసెట్‌లోకి ఎక్కింది. తర్వాత ఎవరో దానిమీదే పెళ్ళిపాటలు రికార్డు చేసేశారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

నోటు పుస్తకాలు మాత్రం ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒకదాంట్లో, రెండో అంకం పక్కన, ఎర్ర పెన్సిలుతో తనకి తానే రాసుకున్నారు: "ఇక్కడ ఆగుతాడు. మరిచిపోయి కాదు. తొందరపడి అందించకు."

లోరే మాట మధ్యలో ఆగినప్పుడల్లా నాకు ఆ అక్షరాలే కనిపించాయి. అమ్మ కూడా తెర అంచుకేసే చూస్తోంది.

"అందించేవాడు ఎటుపక్క కూర్చున్నాడే?" అంది.

వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను.